శాలువా కప్పాక మిగిలిన పని

వీడ్కోలు సభ అంటే ఏమిటో మన కాలేజీ మిత్రులకు ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. ఏటా పరీక్షల ముందు ఆ ముచ్చట జరుగుతూనే ఉంటుంది గదా! ఒక దండ, ఒక శాలువా, ఫ్రేము కట్టించిన సన్మానపత్రం, నలుగురు వక్తలు, "వారు లేని లోటు తీరనిది" అనే తప్పనిసరి వాక్యం, ఆపైన ఒక స్వీటు, కాస్త కారబ్బూందీ, కాఫీ. మర్నాటికి ఆ తీరని లోటు సంగతి ఎవరికీ గుర్తుండదు. గుర్తుండనక్కరా లేదు. ఉద్యోగంలో ఒకరు రిటైరైతే ఆ ఖాళీ కాగితం మీద ఉంటుంది. ఆలస్యమైతే కావచ్చు గాని, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటారు.

అయితే జీతం లేదు, జీవో లేదు, కుర్చీ కూడా లేదు. ఒక మనిషి తన ఇష్టంకొద్దీ నలుగురిని పోగుచేసి ఒక పఠన మండలి పెట్టాడు. ఏళ్ళ తరబడి నడిపాడు. ఇప్పుడు ఆ మనిషే తప్పుకుంటున్నాడు. మరి ఈ ఖాళీ ఎవరు భర్తీ చేస్తారు? అసలు భర్తీ చెయ్యవలసిన ఖాళీ ఏమిటి? ఈ చిన్న వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఆ సంగతే. ఇది పుస్తకాలు చూసి మాత్రమే రాస్తున్నది కాదు. ప్రస్తుతం ఆ తాళంచెవుల్లో ఒకటి నా జేబులో ఉంది.

మేడమీద పుస్తకాలు

మాది డెల్టాలో ఒక చిన్న టౌను. మెయిన్‌రోడ్డులో ఒక బియ్యం కొట్టు, దాని మేడమీద ఒక గది. గదిలో రెండు ఇనప బీరువాలు, నాలుగు బెంచీలు, ఒక చాప, ఒక ఫాను. ఇరవై రెండేళ్ళ క్రితం పోస్టాఫీసులో పనిచేస్తున్న ఒక పెద్దమనిషి అక్కడ పుస్తకాలు చదివేవాళ్ళ మండలి ఒకటి పెట్టారు. దానికి బోర్డు మీద మంచి పేరే ఉంది గాని, ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవరు. "మేడమీద పుస్తకాలు" అంటే చాలు. ఆయనను అందరం మాస్టారూ అనే పిలిచేవాళ్ళం. ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు, అయినా మాస్టారే.

పద్ధతి సులభం. నెలలో మొదటి ఆదివారం సాయంత్రం ఐదింటికి ఒక పుస్తకం ప్రకటిస్తారు. ఉన్న రెండు మూడు ప్రతులు చేతులు మారుతూ తిరుగుతాయి. మూడో ఆదివారం దాని మీద చర్చ. చదవనివాళ్ళు రావచ్చు, వినవచ్చు, మాట్లాడకూడదు. చదివినవాళ్ళలో అందరికంటే చిన్నవాళ్ళు ముందు మాట్లాడాలి, పెద్దవాళ్ళు చివర. "పెద్దవాళ్ళు ముందు మాట్లాడితే చిన్నవాళ్ళకి వేరే అభిప్రాయం ఉండదు, తలకాయ ఊపడమే ఉంటుంది" అనేవారు మాస్టారు.

నేను మొదటిసారి ఆ మెట్లెక్కింది సాహిత్యం మీద ప్రేమతో కాదు, వానకు తడవకుండా. అప్పుడు ఎనిమిదో తరగతి. మాస్టారు నన్ను ఎగాదిగా చూసి, ఒక పుస్తకం చేతిలో పెట్టి, "వచ్చే వారం వచ్చి ఎలా ఉందో చెప్పు. బాగుందని మాత్రం చెప్పకు. అది అందరూ చెప్తారు" అన్నారు. ఆ ఒక్క మాటకు నేను ఆ పుస్తకం రెండుసార్లు చదవవలసి వచ్చింది.

మాస్టారికి ఇప్పుడు డెబ్బయ్యెనిమిది. కళ్ళలో నీటికాసులు. అక్షరాలు అలుక్కుపోతున్నాయి. విశాఖపట్నంలో ఉన్న కూతురు తన దగ్గరికి వచ్చెయ్యమంది. పోయిన సంక్రాంతి వెళ్ళిన తర్వాత ఒక ఆదివారం మేమంతా వీడ్కోలు సభ పెట్టుకున్నాం. దానికోసం పదిహేను రోజులు తర్జనభర్జనలు జరిగాయి. శాలువా రంగు మీద ఒక సాయంత్రం, అధ్యక్షుడు ఎవరన్న దానిమీద మరో సాయంత్రం. ఆ తర్వాత ఆదివారం ఏం చెయ్యాలి అన్న మాట మాత్రం మాలో ఒక్కరి నోటా రాలేదు.

ఐదు ప్రశ్నలు

అందరూ మాట్లాడాక మాస్టారు లేచారు. శాలువా మడతపెట్టి బల్లమీద పెట్టారు. దాని పక్కన తాళంచెవుల గుత్తి, అట్టలు అరిగిన పొడుగు రిజిస్టరు పెట్టారు. ఉపన్యాసం ఐదు నిమిషాలు కూడా లేదు. ఐదు ప్రశ్నలు అడిగారు, అంతే.

వచ్చే ఆదివారం తాళం ఎవరు తీస్తారు? గది అద్దె ఎవరు కడతారు? పుస్తకం ఎవరు ఎంచుతారు? రెండు నెలలు వరసగా రానివాళ్ళ ఇంటికి ఎవరు వెళ్తారు? తిరిగివ్వని పుస్తకం ఎవరు అడుగుతారు?

ఎవరూ మాట్లాడలేదు. ఫాను చప్పుడు వినిపిస్తోంది. చివరకు కోశాధికారిగారు, "అప్పుడే ఏం తొందర మాస్టారూ, మీరు ఫోన్లో ఉంటారుగా" అన్నారు.

"నేను ఫోన్లో ఉంటే మీరు మేడమీద ఉండరు" అన్నారాయన.

ఆ రాత్రి రిజిస్టరు నేను ఇంటికి తెచ్చాను. తిరగేస్తుంటే ఒక సంగతి బయటపడింది. గది అద్దె, కరెంటు కలిపి నెలకు 1,500 రూపాయలు. ఇరవైమంది తలా 30 రూపాయల చొప్పున ఇచ్చే చందా 600. తక్కిన 900 ఎక్కడివి? ప్రతి నెలా ఒకే వరస: "ఒక మిత్రుడు - 900". వెనక్కి పోతే అంకె తగ్గుతుంది గాని మిత్రుడు మాత్రం మారడు. చేతిరాత మాస్టారిదే. ఆ మిత్రుడు ఎవరో చెప్పనక్కరలేదనుకుంటాను. అంటే, పోస్టాఫీసు పెన్షను మీద మా మేడ నిలబడి ఉందన్నమాట. మేమేమో సంస్థ నడుస్తోందనుకున్నాం. నడిచింది సంస్థ కాదు, ఒక మనిషి.

ఆ ఐదు ప్రశ్నలూ పట్టుకుని నేను మన కాలేజీ లైబ్రరీలో కూర్చున్నాను. ఇలాంటి మండళ్ళు పెట్టినవాళ్ళు ప్రపంచంలో చాలామంది ఉన్నారు గదా, వాళ్ళు తప్పుకున్నాక ఏమయిందో చూద్దామని. చూసినంతలో తేలినవి ఇవి.

తాళంచెవి

ముందుగా మనవాళ్ళ సంగతే చెబుతాను. హైదరాబాదులో 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు ఆదరణ లేని రోజులు. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారు పూనుకుని, రావిచెట్టువారి ఇంట్లోనే దానిని ప్రారంభించారు. తొమ్మిదేళ్ళు తిరగకుండానే, 1910లో, ఇల్లిచ్చిన రంగారావుగారు కన్నుమూశారు. లక్ష్మణరావుగారు మద్రాసు చేరారు, 1923లో ఆయనా పోయారు. ఒక మనిషి మీద ఆధారపడిన సంస్థ అయితే అక్కడితో తాళం పడవలసింది. కాని పడలేదు. 1921 నాటికి సుల్తాన్ బజారులో సొంత భవనం ఏర్పడింది. మాడపాటి హనుమంతరావు వంటివారు కార్యదర్శి బాధ్యత నెత్తికెత్తుకున్నారు. 2001లో నూరేళ్ళు నిండాయి.

ఇందులో కిటుకు ఏమిటి? మొదటి రోజు నుంచీ నాలుగు చేతులున్నాయి. పైగా కార్యదర్శి అనేది ఒక పదవిగా ఉంది. మనిషి పోయినా పదవి ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ కనిపిస్తేనే గదా భర్తీ చేసేది! మా మేడమీద అలా కాదు. మాస్టారు కార్యదర్శీ కాదు, అధ్యక్షుడూ కాదు, ఏదీ కాదు. అన్నీ ఆయనే. అందుకని ఆయన వెళ్తుంటే ఏ ఖాళీ వచ్చిందో కూడా మాకు తెలియలేదు.

ఇందుకు ఎదురు ఉదాహరణ కూడా అదే లక్ష్మణరావుగారి జీవితంలో ఉంది. ఆయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం అనే మహాకార్యం తలపెట్టారు. ఎందరో పండితులు రాశారు, నిజమే. కాని బరువంతా ఆయన భుజాల మీదే. ఆయన పోయేసరికి 'అ' అక్షరం దగ్గరే పని ఆగింది. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దాన్ని మళ్ళీ చేపట్టవలసి వచ్చింది. ఒకే మనిషి, అదే దీక్ష, అదే శక్తి. కాని పదిమంది చేతులు పడిన గ్రంథాలయం నిలిచింది, ఒక్క తలలో ఉన్న గ్రంథం ఆగింది. ఇది ఆయన లోపం కాదు. కొన్ని పనులు అలాంటివి. అలాంటి పని ఏదో, కానిది ఏదో ముందే తెలుసుకోవడం మన పని.

అద్దె

రెండో ప్రశ్నకు జవాబు కొంచెం దూరంలో, అమెరికాలో దొరికింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు మెరుపు, గాలిపటం కథలో మనందరం విన్నదే. ఆయన 1727లో, ఇరవయ్యొక్కేళ్ళ వయస్సులో, ఫిలడెల్ఫియాలో 'జుంటో' అనే చిన్న చర్చామండలి పెట్టాడు. పన్నెండుమంది సభ్యులు. ఎక్కువమంది చేతిపనివాళ్ళు, చిన్న వ్యాపారులు. శుక్రవారం సాయంత్రం కూడేవారు. ఒక్కొక్కరు వంతులవారీగా చర్చకు ప్రశ్న తేవాలి. మూడు నెలలకొకసారి సొంతంగా ఒక వ్యాసం రాసి చదవాలి. ఎదుటివాణ్ణి మొండిగా ఖండిస్తే చిన్న జరిమానా కూడా ఉండేది!

చర్చకు పుస్తకాలు కావాలి గదా. ఎవరి పుస్తకాలు వాళ్ళు తెచ్చి మండలి గదిలో ఒకచోట పెడదామన్నాడు ఫ్రాంక్లిన్. పెట్టారు. ఏడాదికల్లా ఎవరి పుస్తకాలు వాళ్ళు ఇంటికి పట్టుకుపోయారు. ఎందుకంటే వాటి బాగోగులు చూసేవాడు లేడు. అందరి సొత్తు కాస్తా ఎవరి సొత్తూ కాకుండా పోయింది. చిత్రమేమంటే, ఫ్రాంక్లిన్ అక్కడే ఉన్నా ఇది జరిగింది. ఆ దెబ్బతో ఆయనకు బుద్ధి వచ్చింది. 1731లో పక్కాగా కాగితం రాయించి లైబ్రరీ కంపెనీ అని మొదలుపెట్టాడు. యాభైమంది చందాదారులు. చేరేటప్పుడు తలా 40 షిల్లింగులు, ఆపైన ఏటా 10 షిల్లింగులు.

తర్వాతి కాలంలో ఫ్రాంక్లిన్ దౌత్యం పనిమీద ఏళ్ళ తరబడి ఇంగ్లండులోను, ఫ్రాన్సులోను ఉండిపోయాడు. 1790లో చనిపోయాడు. లైబ్రరీ కంపెనీ మాత్రం ఫిలడెల్ఫియాలో ఈనాటికీ ఉంది. మంచి మనస్సుతో పెట్టిన అలమార ఏడాది నిలిచింది, చందా రాయించుకున్న సంస్థ మూడువందల ఏళ్ళకు దగ్గరపడుతోంది. చందా అంటే మనకు చిన్నచూపు. పుస్తకానికీ డబ్బేనా అంటాం. కాని ఆ చిన్న మొత్తం ఇచ్చినవాడికి సంస్థ తనది అవుతుంది. ఇవ్వనివాడు ఎప్పటికీ అతిథే. మాస్టారు 900 తాను వేసి మమ్మల్ని ఇన్నేళ్ళూ అతిథులుగా ఉంచేశారు. అది ఆయన గొప్పతనమే. కాని ఆయన చేసిన ఒకే ఒక పొరపాటూ అదేనేమో.

మన దేశంలో ప్రభుత్వ గ్రంథాలయాలకు ఇంకో దారి ఏర్పడింది. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలుచేసే పద్ధతి. మద్రాసు రాష్ట్రంలో 1948లోను, హైదరాబాదు రాష్ట్రంలో 1955లోను, ఆంధ్రప్రదేశ్‌లో 1960లోను ఇందుకు చట్టాలు వచ్చాయి. దానికి ముందు అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటి పెద్దలు నడిపిన ఉద్యమం ఉంది. 1914లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయాల ప్రతినిధులు మొదటిసారి సమావేశమైనది కూడా ఇందుకే. ఒక్కొక్క ఊళ్ళో ఒక్కొక్క ఉత్సాహవంతుడు పెట్టిన గ్రంథాలయం ఆ ఉత్సాహవంతుడితో పోకూడదని. కాని సెస్సు భవనానికి, పుస్తకాలకు, ఉద్యోగుల జీతాలకు సాయపడుతుంది. ఆదివారం సాయంత్రం పాతికమంది కూర్చుని వాదించుకునే మండలి మాత్రం ఎవరికి వారు నిలబెట్టుకోవలసిందే.

పుస్తకం ఎవరు ఎంచాలి?

ఇది అన్నిటికంటే చిక్కు ప్రశ్న. ఇంగ్లండులో 1936 మే నెలలో విక్టర్ గొలాంజ్ అనే ప్రచురణకర్త లెఫ్ట్ బుక్ క్లబ్ పెట్టాడు. ఐరోపాలో ఫాసిజం పెచ్చుపెరుగుతున్న కాలం. నెలకో పుస్తకం, రెండున్నర షిల్లింగులకే, సభ్యుడి చేతికి వచ్చేది. నారింజరంగు అట్ట. జార్జ్ ఆర్వెల్ రాసిన 'ద రోడ్ టు విగన్ పియర్' అలా సభ్యులకు అందిందే. 1939 నాటికి సభ్యులు 57,000 వరకు ఉన్నారు. ఊరూరా చర్చా బృందాలు వెయ్యికి పైగా వెలిశాయి. బుక్ క్లబ్బుల చరిత్రలో అంతటి ఊపు అరుదు.

అయితే పుస్తకం ఎంచేది ముగ్గురే: గొలాంజ్, హెరాల్డ్ లాస్కీ, జాన్ స్ట్రేచీ. ఆ ముగ్గురి అభిప్రాయం ఎటు వాలితే పుస్తకాలూ అటే. 1939లో జర్మనీ, రష్యాలు ఒడంబడిక చేసుకునేసరికి పెద్దల మధ్యనే అభిప్రాయభేదాలు పుట్టాయి. యుద్ధం వచ్చింది, సభ్యులు తగ్గారు. 1948లో క్లబ్బు మూతపడింది. మూతపడటానికి ఎంపిక ఒక్కటే కారణమనను. యుద్ధం ఉంది, రోజులు మారడం ఉంది. కాని ఒకటి గమనించండి. ఊళ్ళలో వెయ్యి బృందాలున్నా, ఏం చదవాలో నిర్ణయించే అలవాటు వాటికి లేదు. పైనుంచి పుస్తకం వచ్చినన్నాళ్ళూ చదివారు.

మా మేడమీదా కొంత ఇదే. మాస్టారి అభిరుచి గొప్పది, కాదనను. కాని ఈ ఇరవై రెండేళ్ళలో పుస్తకం ఎంచింది దాదాపు ఎప్పుడూ ఆయనే. మా పిన్ని ఎన్నోసార్లు ఒక డిటెక్టివ్ నవల పెట్టమని అడిగింది. ఆయన నవ్వి ఊరుకునేవారు. మేమూ ఆయనతోపాటు నవ్వేవాళ్ళం. చిన్నవాళ్ళు ముందు మాట్లాడాలన్న మనిషే, చిన్నవాళ్ళు ముందు ఎంచుకోవాలని అనలేదు. ఎంత మంచి చేయి అయినా, ఎప్పుడూ అదే చేయి అన్నం కలిపి పెడుతుంటే మనకు కలుపుకోవడం రాదు.

ఇంటికి వెళ్ళడం, అడిగి తెచ్చుకోవడం

నాలుగో ప్రశ్న మాస్టారు అడిగినప్పుడు మాలో కొందరు ముసిముసిగా నవ్వారు. రాకపోతే వాళ్ళ ఇష్టం, ఇంటికి వెళ్ళి బతిమాలాలా అని. కాని మన గ్రంథాలయోద్యమం అంతా నడిచింది ఈ ఒక్క పనిమీదే. 1935లో గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణం ప్రభృతులు పుస్తకాలను పడవకెక్కించి కాలువ వెంట ఊరూరికీ తిప్పారు. తెలంగాణాలో వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు స్వయంగా మోసుకుంటూ తిరిగి అమ్మారు. గ్రంథాలయ శాస్త్రానికి మన దేశంలో ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ చొరవతో 1931లో తమిళనాట మన్నార్‌గుడి ప్రాంతంలో ఎడ్లబండి మీద పుస్తకాలు పల్లెలకు వెళ్ళాయి. పాఠకుడు వస్తాడని కూర్చున్నవాళ్ళు కారు వీళ్ళు.

ఈరోజుల్లో వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజి పెట్టి ఊరుకోవచ్చు. మేమూ పెడుతున్నాం. కాని ఆ మెసేజికి బొటనవేలు బొమ్మ పెట్టి రానివాళ్ళే ఎక్కువ. మాస్టారు సైకిలు మీద వెళ్ళేవారు. "ఏమ్మా, ఒంట్లో బాగుందా? పుస్తకం నచ్చలేదా? నచ్చకపోతే ఆ మాటే వచ్చి చెప్పు" అనేవారు. మనం రాలేదని ఒకరికి తెలిసిందన్న సంగతి మనిషిని మళ్ళీ మెట్లెక్కిస్తుంది.

ఐదోది, తిరిగివ్వని పుస్తకం అడగడం. మొహమాటం అంటాం. కాని అడగకపోతే ఏమవుతుందో పైన ఫ్రాంక్లిన్ అలమార కథలో చూశాం. అడిగి, రాసి, సర్ది దాచుకుంటే ఏమవుతుందో చూడాలంటే వేటపాలెం వెళ్ళాలి. అక్కడి సారస్వత నికేతనం 1918లో ఊరి యువకుల పూనికతో పుట్టింది. 1929లో గాంధీజీ అక్కడికి వచ్చారు. ఈనాడు పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడినుంచో వెతుక్కుంటూ ఆ ఊరు వెళ్తారు. వందేళ్ళుగా తరం తర్వాత తరం ఎవరో ఒకరు ఆ కాగితాల దుమ్ము దులుపుతూ వచ్చారు గనకనే అవి మిగిలాయి. స్థాపకుల పేర్లు శిలాఫలకం మీద ఉంటాయి. దుమ్ము దులిపినవాళ్ళ పేర్లు ఎక్కడా ఉండవు. సంస్థ నిలిచేది మాత్రం ఈ రెండోవాళ్ళ వల్లనే.

వెనక బెంచీ

చివరకు మా మేడమీద ఏం చేశామో చెప్పి ముగిస్తాను. గుత్తిలోని తాళంచెవులు విడదీశాం. ఒకటి నా దగ్గర, ఒకటి ఎదురుగా టైలరింగు షాపు నడిపే అక్కయ్య దగ్గర, ఒకటి కింద బియ్యం కొట్టులో. చందా 50 చేశాం. ముప్ఫైమంది ఇస్తే అద్దె సరిపోతుంది. ఇద్దరు పెద్దవాళ్ళు ఇది పద్ధతి కాదని కోపం తెచ్చుకుని మానేశారు. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళే వంతు నాది. రెండుసార్లు వెళ్ళాను, ఒకాయన కాఫీ ఇచ్చారు గాని మెత్తబడలేదు. మళ్ళీ వెళ్తాను. పుస్తకం ఎంచడం వంతులవారీ చేశాం. చీటీ వేస్తే మొదటి వంతు, నమ్మండి నమ్మకపొండి, మా పిన్నికే వచ్చింది. డిటెక్టివ్ నవలే పెట్టింది.

ఆ నవల మీద చర్చ జరిగిన ఆదివారం మాస్టారు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు, రైలు మర్నాడు. వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారు. నవల ఆయనకు మనవడు చదివి వినిపించాడట. రూలు ప్రకారం ఆయన వంతు చిట్టచివర. గంటన్నర నోరు మెదపకుండా విన్నారు. తన వంతు వచ్చాక, హంతకుడెవరో సగంలోనే తేలిపోయిందనీ, రచయిత తొందరపడ్డాడనీ అన్నారు. పిన్ని ఊరుకుంటుందా! "కాదు మాస్టారూ, ఎవరో ముందే తెలియాలి, ఎందుకు చేశాడన్నదే కథ. మీరు సరిగ్గా వినలేదు" అంది. గదంతా ఒక్క క్షణం బిగుసుకుపోయింది. ఇరవై రెండేళ్ళలో ఆయన్ను అలా అన్నవాళ్ళు లేరు. మాస్టారు కాసేపు ఆలోచించి, "అయితే మళ్ళీ చదివించుకోవాలి. ఆ పుస్తకం నా పేర రాయి, పోస్టులో తిరిగి పంపిస్తాను" అని నాతో అన్నారు. రిజిస్టరులో మొదటిసారి ఆయన పేరు పుస్తకం తీసుకున్నవాళ్ళ వరసలో రాశాను. ఆయనకు నిజమైన వీడ్కోలు ఆ రోజు జరిగిందని నా అభిప్రాయం. శాలువా కప్పిన రోజు కాదు.

మిత్రులారా! ఇదంతా మన కాలేజీ సంచికలో ఎందుకు రాస్తున్నానంటే, మన విద్యార్థి సంఘాల్లో స్థాపకులు ఏటా రిటైరవుతూనే ఉంటారు. ఒక బ్యాచి ఉత్సాహంగా గోడపత్రిక పెడుతుంది, నాటక సమాజం పెడుతుంది, హాస్టల్లో చదువుల గది పెడుతుంది. ఏప్రిల్‌లో పెట్టె సర్దుకుని వెళ్ళిపోతుంది. జులైలో వచ్చినవాళ్ళకు అక్కడ మేకులు, సగం చిరిగిన చార్టు కనిపిస్తాయి. ఫైనలియర్ మిత్రులకు నా మనవి ఒక్కటే. వెళ్ళేముందు మీ పని ఐదు ప్రశ్నలుగా రాసి, ఒక్కొక్క ప్రశ్న పక్కన జూనియర్ పేరు ఒకటి రాయించుకోండి. పేరు దొరకని ప్రశ్న ఉందంటే, మీరు లేని మర్నాడు ఆగేది అక్కడే.

ఇంకొక మాట. ఫ్రాంక్లిన్ మండలిలోకి చాలామంది వస్తామన్నప్పుడు పన్నెండుమందిని పదమూడు చెయ్యలేదు. ఒక్కొక్క సభ్యుణ్ణి వెళ్ళి సొంతంగా మరో మండలి పెట్టుకోమన్నారు. అలా ఐదారు వెలిశాయి. డిగ్రీలు పట్టుకుని మనం తలో ఊరికి పోబోతున్నాం. ప్రతి ఊళ్ళోనూ ఏదో ఒక కొట్టు మీద ఖాళీ గది ఉంటుంది. వానకు తడవకుండా మెట్లెక్కే ఎనిమిదో తరగతి పిల్లవాడూ ఉంటాడు.